నాలుగొందల పన్నెండు చీటీలు

సోమవారం పొద్దున తళతళక్క పెద్ద తొట్టి నింపుతుండగా కాంట్రాక్టరు క్యాంటీను వెనక వసారాలోకి వచ్చాడు. ఆయన వెనకే ఇద్దరు కూలీలు నెత్తిన అట్టపెట్టెలతో వచ్చి గోడవారగా దించారు. ఒక్కొక్కటీ సగం బీరువా అంత ఉంది. అంత పెద్ద పెట్టెలు మోసుకొచ్చినా వాళ్లకి ఆయాసం రాకపోవడం చూసి, ఖాళీవేమో అనుకుంది.

"ముందా పంపు కట్టెయ్," అన్నాడు కాంట్రాక్టరు.

"సగం కూడా నిండలేదు సార్."

"నిండక్కర్లేదు. బిల్డింగులో నీళ్లన్నీ మీ తోడికోడళ్లిద్దరి దగ్గరే అయిపోతున్నాయని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మధ్యాహ్నానికి మూడో అంతస్తు కుళాయిల్లో చుక్క ఉండట్లేదంట. నన్ను పిలిచి చివాట్లు పెట్టారు."

తళతళక్క పంపు కట్టలేదు. తలెత్తి పైకి చూసింది. ఐదంతస్తుల మీద ట్యాంకు నిండిపోయి, పక్క గొట్టంలోంచి నీళ్లు గోడ వెంబడి ధారగా దిగుతున్నాయి. పంపుగది వాచ్‌మన్ మోటారు వేసి టీకి పోతాడు. అతను తిరిగొచ్చేదాకా రోజూ ఇదే తంతు. ధార పడే మేర గోడంతా నాచు పట్టి పచ్చగా ఉంది.

"మరి అవి ఎవరి దగ్గర అయిపోతున్నట్టు సార్?"

కాంట్రాక్టరు కూడా తలెత్తి చూశాడు. "అది బిల్డింగువాళ్లది. మనది కాదుగా," అన్నాడు నెమ్మదిగా. ఆయన చెడ్డవాడేం కాదు. కేకలు వెయ్యడు, జీతం ఆపడు, పండగకీ పబ్బానికీ అడక్కుండానే సెలవిస్తాడు. మోకాళ్ల నొప్పులతో మూలుగుతూ వంగి తనే పంపు కట్టేశాడు.

తర్వాత ఒక పెట్టె చించి లోపల్నుంచి తెల్లటి ప్లేటు తీశాడు. స్టీలు ప్లేటులో ఉన్నట్టే దానికీ గళ్లున్నాయి. అరచేతిలో పెట్టుకుని ఉఫ్‌మని ఊదితే ఎగిరి తళతళక్క తోడికోడలి కాళ్ల దగ్గర పడింది. తోడికోడలు దాన్ని రెండు వేళ్లతో పైకి తీసి చూసింది.

"ఇదేం ప్లేటు సార్, కాకి ఎత్తుకుపోయేలా ఉంది!"

"తిన్నామా, పారేశామా. కడిగే పని లేదు, నీళ్లతో పని లేదు. క్యాంటీను కమిటీ ఊ అంటే వచ్చే వారం నుంచి ఇవే."

"మరి మేము?" అంది తళతళక్క.

"చూద్దాంలే," అన్నాడాయన. ఆ మాట అన్నప్పుడు ఆయన ఆమె మొహం చూడలేదు.

ఆమె అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఆ బిల్డింగులో ఇంకెక్కడా లేదు. కడిగిన ప్రతి ప్లేటునూ వెలుగుకి ఎత్తి పట్టి చూస్తుంది. ఎక్కడైనా జిడ్డు మరక కనిపించిందా, అది మళ్లీ తొట్టిలోకే. ఆ అలవాటు చూసి వంటమేస్త్రీ ఎగతాళికి పెట్టిన పేరు ఐదంతస్తులూ ఎక్కింది. తోడికోడలు మాత్రం ఆ వెలుగు పరీక్షకి విసుక్కునేది. "ఇంట్లో మన కంచాలు కూడా ఇంతలా చూసుకోలేదే అక్కా!" అనేది.

ఆ మధ్యాహ్నం డిస్పాచ్ మేడం వసారాలోకి వచ్చింది. డిస్పాచ్ సెక్షనులో కవర్లకి ముద్రలేసి పంపించే ఆవిడ. తను తిన్న పండు తొక్కల్ని ఎంగిలి డబ్బాలో వెయ్యడానికి మూడో అంతస్తు నుంచి నడిచొచ్చే మనిషి ఆ బిల్డింగులో ఆవిడొక్కతే. భుజాన గుడ్డసంచీ, చేతిలో ఇంటినుంచి తెచ్చుకున్న స్టీలు డబ్బా. అట్టపెట్టెల్ని చూసి ఆగింది. తళతళక్క జరిగింది చెప్పింది. చెబుతూనే గోడ మీద నాచు చూపించింది.

డిస్పాచ్ మేడం మొహం కందిపోయింది. "వాళ్ల కళ్లకి అది కనబడదు. మీ బకెట్లు కనబడతాయి. నీళ్లు మిగలాలని చెప్పి రోజుకి ఐదొందల ప్లేట్లు చెత్తలోకి తోస్తారా? అవి మట్టిలో కలవవు, తగలబెడితే ఆ పొగ మనమే పీల్చాలి." కాసేపు గుడ్డసంచీ పట్టీ మెలిపెడుతూ నిలబడింది. "కమిటీ ఎవరండీ చెప్పడానికి? తినేది ఐదొందల మంది. వాళ్లనే అడుగుదాం. ఓటు పెట్టిద్దాం."

"వాళ్లు మాకోసం ఓటేస్తారా అమ్మా?"

"మీకోసం కాకపోయినా, వాళ్ల పిల్లల కోసమైనా వేస్తారు," అంది మేడం.

*

మంగళవారం ఆవిడ కొలత గీతలు గీసిన బకెట్టూ, ఒక నోటుబుక్కూ పట్టుకుని వచ్చింది. ఎన్ని ప్లేట్లకి ఎన్ని నీళ్లవుతున్నాయో లెక్క రాసి గోడ మీద అంటిస్తానంది. తళతళక్క చీర కుచ్చెళ్లు ఎగదోపి ముక్కాలిపీట మీద కూర్చుంది. ముందు ఎంగిలంతా చేత్తో డబ్బాలోకి దులిపేయడం, తర్వాత మొదటి తొట్టిలో నానేయడం, రెండో తొట్టిలో పీచుతో సబ్బు, మూడో తొట్టిలో ఒక ముంపు, నాలుగో దాంట్లో ఇంకో ముంపు. మామూలు రోజుల్లో పంపు కిందే ఆఖరి కడుగుడు అయిపోయేది. ఇవాళ పంపు జోలికి పోలేదు. నాలుగో తొట్టి నీళ్లు మసకబారగానే వాటిని మూడో దానిలోకి, మూడో దాన్ని మొదటి దానిలోకి మార్చింది. అలా మార్చాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు. పొద్దున బస్సులో వస్తూ ఆలోచించుకుంది.

బకెట్టుకి పద్దెనిమిది ప్లేట్లు పడేవి. ఆ రోజు ముప్పై నాలుగు పడ్డాయి.

"ముప్పై నాలుగు!" అని మేడం రెండుసార్లు అంది. రాసి, కింద గీత కొట్టి, మళ్లీ గీత కొట్టింది. తళతళక్క ఒక ప్లేటుని వెలుగుకి ఎత్తి పట్టి చూపించింది. దానిలో వాళ్లిద్దరి మొహాలూ గళ్లుగళ్లుగా కనిపించాయి. మేడం నవ్వింది. ఆమె కూడా నవ్వింది. పక్కన తోడికోడలు మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. వేళ్ల సందుల్లో చర్మం చిట్లి, సబ్బునీళ్లు తగిలినచోటల్లా ఎర్రగా మండుతోంది. పొదుపు నీళ్లలో సబ్బు మరీ చిక్కగా ఉంది.

బుధవారం ఓటు. పాత సర్క్యులర్ల వెనకవైపు తెల్లగా ఉన్న కాగితాల్ని డిస్పాచ్ మేడం తనే నాలుగు ముక్కలుగా కత్తిరించింది. ఒక్కో చీటీ మీద రెండు మాటలు: స్టీలు, పారేసేది. ఏదో ఒకదాని పక్కన టిక్కు పెట్టాలి. ఉత్తరాలు వేసే పాత పెట్టెని క్యాంటీను గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టారు. జనం బారులు తీరారు. పైన రికార్డుల సెక్షను సూపరింటెండెంటు, పొట్టాయన, బల్ల పక్కన నిలబడి గొంతెత్తి చెప్పాడు. "ఇది ప్లేటు సంగతి కాదండీ. మనం ఎలాంటి మనుషులమో తేలే సంగతి!" అందరూ చప్పట్లు కొట్టారు. తళతళక్కకి ఒళ్లు పులకరించింది. తను కడిగే ప్లేటు గురించి ఇంతమంది మాట్లాడుకోవడం ఆమె ఎన్నడూ వినలేదు.

రద్దీ తగ్గాక తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది.

"నాకూ ఓ చీటీ ఇవ్వండమ్మా."

డిస్పాచ్ మేడం చీటీల కట్టలోకి చెయ్యి పెట్టబోయి ఆగింది. "మీకు... ఓటు ఉద్యోగులకే అని కమిటీవాళ్లు షరతు పెట్టారండీ. కాంట్రాక్టు వాళ్లకి లేదు. నేను వాదించాను." ఆవిడ గొంతు తగ్గిపోయింది. "కానీ అక్కర్లేదులెండి. చూస్తున్నారుగా, గెలుస్తాం."

"పోన్లెండమ్మా," అంది తళతళక్క. నిజంగానే పెద్దగా బాధ అనిపించలేదు. ఇంతమంది ఉండగా తన టిక్కు ఒక్కటీ లేకపోతే మాత్రం ఏమైంది?

గురువారం భోజనాల వేళ లెక్క చదివారు. స్టీలుకి నాలుగొందల పన్నెండు. పారేసేదానికి తొంభై ఏడు. బల్లలు చరిచారు, ఈలలు వేశారు. వంటమేస్త్రీ గరిటెతో డేగిసా మీద దరువేశాడు. ఎవరో "తళతళక్కని పిలవండి!" అన్నారు. ఆమెని లోపల్నుంచి లాక్కొచ్చి డిస్పాచ్ మేడం పక్కన నిలబెట్టి ఫోటో తీశారు. "అక్కా, గెలిపించాం చూడు!" అన్నాడు సూపరింటెండెంటు. ఆమె అందరికీ దణ్ణం పెట్టింది.

సాయంత్రం నోటీసు బోర్డు మీద కాంట్రాక్టరు కాగితం అంటించాడు. తళతళక్క చదువుకోలేదు. వంటమేస్త్రీ చదివి వినిపించాడు. ఓటింగు ఫలితాన్ని గౌరవిస్తూ స్టీలు ప్లేటు భోజనం కొనసాగుతుంది. నీళ్లకీ సబ్బుకీ కడుగుడు మనుషులకీ అయ్యే ఖర్చు కలిపి దాని టోకెను ధర కొంచెం పెరుగుతుంది. కావాలనుకున్నవాళ్లకి పక్క కౌంటర్లో పాత ధరకే పారేసే ప్లేటులో భోజనం దొరుకుతుంది. ఎవరి ఇష్టం వారిది.

"కొంచెం అంటే ఎంత?"

"ఎంతా లేదక్కా. టీ ఖరీదులో సగం."

"అంతేనా!" అంది ఆమె. "నేనింకేదో అనుకున్నాను. దానికెవరు వెనకాడతారు?"

కాంట్రాక్టరు అటుగా పోతూ ఆ మాట విన్నాడు. మోకాలు రుద్దుకుంటూ వెళ్లిపోయాడు.

*

శుక్రవారం తోడికోడళ్లిద్దరూ అరగంట ముందే వచ్చారు. నాలుగు తొట్లూ నింపి, కొత్త పీచులు తీసి, సబ్బు కలిపి పెట్టుకున్నారు. ఎంగిలి ప్లేట్లు లోపలికి తోసే కిటికీ దగ్గర చెక్కబల్లని తళతళక్క బూడిదతో రుద్ది పెట్టింది. మధ్యాహ్నం గంట కొట్టారు. మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది.

మొదటి ప్లేట్లు వచ్చాయి. పది, ఇరవై. తర్వాత కాస్త ఆగి ఇంకో నాలుగు. ఆమె కిటికీలోంచి తొంగి చూసింది. రెండు కౌంటర్ల ముందూ మనుషులున్నారు. పారేసే ప్లేట్ల వరస గుమ్మం దాటి మెట్ల దాకా ఉంది. స్టీలు వరసలో ఏడెనిమిది మందే ఉన్నారు. స్టీలు వరస చిన్నది కదా, త్వరగా అవుతుంది కదా, అటు నుంచి ఇటు వస్తారేమో అని చూసింది. ఎవరూ రాలేదు. తెల్ల ప్లేటు పట్టుకుంటే పైకెళ్లి సీట్లో కూర్చుని ఫోను చూసుకుంటూ తినొచ్చు. తిన్నాక కిటికీ దాకా తెచ్చి ఇవ్వక్కర్లేదు.

ఆ రోజు నూట అరవై మూడు ప్లేట్లు పడ్డాయి.

"మొదటిరోజు కదా," అంది తళతళక్క. "అందరికీ తెలిసుండదు."

"తెలీకపోవడమేంటక్కా, ఓటేసింది వాళ్లేగా," అంది తోడికోడలు.

సోమవారం తొంభై ఎనిమిది. ఆ రోజే ఆమె ఒకటి గమనించింది. తెల్ల ప్లేటు పట్టుకుని మెట్లవైపు పోయేవాళ్లు తన కిటికీ ముందుగానే పోవాలి. కిటికీ దగ్గరికి వచ్చేసరికి ప్లేటుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నారు, అటుపక్కకి. కొందరు పక్కవాళ్లతో ఉన్నట్టుండి మాటలు మొదలుపెడుతున్నారు. సూపరింటెండెంటు దొరికిపోయాడు. ఆయన తల తిప్పుకునేలోగా ఆమె తలెత్తింది.

"మీటింగుందక్కా," అన్నాడాయన ప్లేటు దాచే చోటు లేక. "పైన తినాలి. రేపట్నుంచి స్టీలే."

"అలాగే సార్. చల్లారిపోద్ది, వెళ్లండి."

మంగళవారం ఆయన ఈ దారిన రాలేదు. వంటగది గుమ్మంలోంచి చుట్టూ తిరిగి పోయాడు. ఆ రోజు అరవై ఒకటి.

కోపం వస్తుందేమో అని ఆమె తనలో తనే వెతుక్కుంది. రాలేదు. వాళ్లు అలా తల దించుకుని పోతుంటే తనకే సిగ్గుగా ఉంది. పెద్ద పెద్ద చదువులు చదువుకున్నవాళ్లు, తనలాంటి దాన్ని చూసి తప్పు చేసిన పిల్లల్లా పోవడం బాగా అనిపించలేదు. బుధవారం ఇంటినుంచి పాత దుప్పటి ముక్క ఒకటి తెచ్చి కిటికీకి అడ్డంగా కట్టింది. ప్లేటు తోసేటంత సందు మాత్రం కింద వదిలింది.

"ఎందుకక్కా అది? గాలి కూడా రాదు."

"ఈగలు," అంది తళతళక్క.

మధ్యాహ్నం డిస్పాచ్ మేడం తొక్కలు వెయ్యడానికి వచ్చి ఆ తెరని చూసింది. ఖాళీగా ఉన్న మూడు తొట్లని చూసింది. ముక్కాలిపీట పక్కన గచ్చు మీద కూలబడి కూర్చుంది. మంచి చీర మరకలవుతుందని కూడా చూసుకోలేదు.

"నాలుగొందల పన్నెండు మంది," అంది. "వాళ్ల చీటీలు నేనే లెక్కపెట్టాను. దొంగ లెక్క కాదు. నిజంగానే వేశారు. సెక్షను సెక్షనుకీ వెళ్లి అడిగాను. అందరూ అవునండీ, తప్పండీ, రేపు తప్పకుండా అంటారు. ఒక్కళ్లు కూడా కాదనరు. కాదంటే వాదించొచ్చు."

తళతళక్క పీచు పిండింది. ఒక మాట మూడు రోజులుగా నోటిదాకా వచ్చి పోతోంది. ఇవాళ ఆగలేదు.

"ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండమ్మా. మీరు ఏనాడూ మా ప్లేట్లో తిన్లేదు కదా."

మేడం తలెత్తింది. ఒళ్లో స్టీలు డబ్బా ఉంది. "నేను పదకొండేళ్లుగా ఇంటినుంచే తెచ్చుకుంటాను. ఎవరికీ భారం కాకూడదని. ఇంటికెళ్లి నేనే కడుక్కుంటాను."

"అదే నేననేదీ. మీరు మంచివారు. మీ అంత మంచివారు ఈ బిల్డింగులో లేరు. కానీ అందరూ మీలాంటివాళ్లే అయినా నాకు పని ఉండదు. అందరూ వాళ్లలాంటివాళ్లయినా ఉండదు."

ఎత్తిపొడుపుగా అన్న మాట కాదది. బకెట్టుకి ఎన్ని ప్లేట్లో చెప్పినట్టే చెప్పింది. డిస్పాచ్ మేడం కళ్లలో నీళ్లు తిరిగాయి. డబ్బా మూత ఒకసారి తీసి, మళ్లీ పెట్టింది.

మర్నాడు ఆవిడ డబ్బా తీసుకురాలేదు. స్టీలు టోకెను కొని, తెర పక్కనే ఉన్న బల్ల దగ్గర కూర్చుని, అందరికీ కనబడేలా నిదానంగా తిన్నది. క్యాంటీను నూనె ఆవిడకి పడదు. తిన్నాక కడుపు పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. ప్లేటు తనే తెచ్చి సందులోంచి తోసింది. ఆ గురువారం ఆవిడ ప్లేటుతో కలిపి ముప్పై ఎనిమిది.

*

ఆ సాయంత్రమే కాంట్రాక్టరు కబురు పెట్టాడు. తోడికోడలు ఒక్కత్తే వెళ్లొచ్చింది. మొహం వెలిగిపోతోంది. వసారాలోకి వస్తూనే చేతులు చాపి చూపించింది. వాటికి మోచేతుల దాకా పసుపు రంగు రబ్బరు తొడుగులున్నాయి.

"చూడక్కా! ఐదంతస్తుల్లోనూ తిన్న ప్లేట్లు మూలమూలా పోగుపడిపోతున్నాయంట. మూటలు కట్టి కిందికి దించాలి. లారీ వస్తే ఎక్కించాలి. జీతం ఇదే. ఇవి ఊరికే ఇచ్చాడు, చినిగితే ఇంకో జత ఇస్తాడంట. రేపట్నుంచి సబ్బులో చెయ్యి పెట్టక్కర్లేదు."

తళతళక్క ఆ చేతుల్ని చూసింది. పోయిన నెల ఈ పిల్ల అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్నది. ఉప్పు తగిలితే ఏడ్చింది.

"మంచిదే," అంది. "పదిలంగా దిగు మెట్లు. తడిగా ఉంటాయి."

శుక్రవారం ఆమె ఒక్కత్తే తొట్టి దగ్గర కూర్చుంది. ఒక్క తొట్టే నింపింది. డిస్పాచ్ మేడం ఆఫీసుకి రాలేదు. కడుపునొప్పితో సెలవు పెట్టిందని వంటమేస్త్రీ చెప్పాడు. రెండింటికల్లా అంతా అయిపోయింది. పదకొండు ప్లేట్లు. ఆమె వాటిని కడిగి, తుడిచి, వెలుగుకి ఎత్తి పట్టి చూసి బోర్లించింది. ఒకదాని అంచున జిడ్డు కనిపించింది. మళ్లీ కడిగింది. తొందరేముంది?

కాంట్రాక్టరు వచ్చి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

"పదకొండు ప్లేట్లకి ఒక కౌంటరు, ఒక మనిషి, ఒక సబ్బు డబ్బా. నువ్వే చెప్పు."

ఆమె తొట్టిలో మిగిలిన నీళ్లు వంపేసింది.

"నేను ఓటు కాదనలేదు. ఆ కాగితం బోర్డు మీద అలాగే ఉంచాను, చూసుకో. నేనొక్కడి చెయ్యి కూడా పట్టుకుని ఇటు రా అని లాగలేదు. సోమవారం నుంచి స్టీలు కౌంటరు తాత్కాలికంగా ఆపుతున్నాం. ప్లేట్లు గోడౌనులో పెట్టిస్తాను."

"మూటల పనిలో నన్ను కూడా..."

"ఒక్కళ్లకే ఉంది తళతళా. మీ పిల్లకి ఇచ్చేశాను. ఇంకోటి వస్తే కబురు చేస్తాలే." ఆయన లేవబోయి, మోకాలు పట్టేస్తే ఆమె భుజం ఆసరా చేసుకున్నాడు. ఆమె ఆయన్ని లేపి నిలబెట్టింది.

తోడికోడలికి ఈ సంగతి గేటు దగ్గర తెలిసింది. నెత్తిన మూటతో ఉన్నదల్లా దాన్ని అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది. "నాకు తెలీదక్కా, ఒట్టు! రెండు ఉన్నాయనుకున్నాను. నువ్వు చేసుకో ఈ పని. నేను ఇంకేదో చూసుకుంటాను. చిన్నదాన్ని కదా, నాకు దొరుకుద్ది." తొడుగులు లాగేయడం మొదలుపెట్టింది. కుడిచేతిది ఊడింది. వేళ్ల సందుల్లో కొత్త చర్మం గులాబీరంగులో, పల్చగా మెరుస్తోంది.

తళతళక్క ఆ చెయ్యి పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసింది. తొడుగు మళ్లీ తనే తొడిగింది, ఒక్కో వేలూ సరిచేస్తూ.

"లారీ వచ్చేస్తది. పో."

*

ఆదివారం ఆడపడుచు కుటుంబం దిగింది. ఎక్కడికో పెళ్లికి పోతూ దారిలో చూసి పోదామని వచ్చారు. పెద్దలూ పిల్లలూ కలిపి తొమ్మిది మంది. అన్నదమ్ముల రెండు వాటాలకీ మధ్య ఉన్న వాకిలి నిండిపోయింది. తళతళక్కకి పనిలో పడి మనసు మళ్లింది. పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే ఉంది.

"నిన్ను చూస్తే పనికి పోతున్నట్టు లేదు వదినా, నిదానంగా ఉన్నావు," అంది ఆడపడుచు.

"ఇవాళ ఆదివారం కదా," అంది.

నీళ్ల ట్యాంకరు పదింటికి రావాలి. పన్నెండైనా రాలేదు. వీధిలో వరసగా పెట్టిన బిందెల నీడలు కురచనయ్యాయి. ఇంట్లో తాగడానికి ఒక బిందె, వాడకానికి సగం బకెట్టు మిగిలాయి. పదిహేను మంది తినాలి. కంచాలు ఎనిమిదున్నాయి. ముందు మగవాళ్లూ పిల్లలూ తిని లేస్తే, అవి కడిగి మిగిలినవాళ్లకి పెట్టాలి. ఆఖరికి ఎప్పటిలా తనూ తోడికోడలూ. సగం బకెట్టుతో అది ఎలా అవుతుందా అని ఆమె లెక్క వేస్తోంది. దులిపి, నానేసి, ఒకే ముంపు. అవుతుంది. కష్టం మీద అవుతుంది.

తోడికోడలు తన వాటాలోకి వెళ్లి ఒక సంచీతో వచ్చింది. కాసేపు గడపలోనే నిలబడిపోయింది.

"అక్కా, తిట్టకు. పెట్టెల్లో అంచు విరిగినవి ఉంటే పట్టుకెళ్లమన్నాడు సార్. నేనూ వద్దనే అన్నాను." సంచీలోంచి తెల్ల ప్లేట్ల దొంతర తీసి చాప మీద పెట్టింది. "నీళ్లు లేవు కదా అని."

ఆడపడుచుకి ఏమీ అర్థం కాక ఇద్దరి మొహాలూ చూసింది. తళతళక్క గరిటె చేత్తో పట్టుకుని ఆ దొంతర వైపు చూస్తూ నిలబడింది. మెతుకులు గరిటె అంచు నుంచి జారి కింద పడ్డాయి.

"పరుచు," అంది చివరికి. "అందరికీ."

పదిహేను ప్లేట్లూ వాకిట్లో రెండు వరసలుగా పరిచారు. ఆమె వడ్డించడం మొదలుపెట్టింది. వరస చివరికి వచ్చేసరికి రెండు ప్లేట్లు ఖాళీగా ఉన్నాయి. ఆడపడుచు వాటిల్లో ఒకదాని ముందు అరచేత్తో తట్టింది.

"కూర్చో వదినా. ఎప్పుడు చూసినా మేము చేతులు కడుక్కున్నాక తింటావు. ఇవాళ ఎవరూ ఏమీ కడగక్కర్లేదుగా."

ఆమె కూర్చుంది. అన్నం వేడిగా ఉంది. పెళ్లయి ఈ ఇంటికొచ్చాక, కూర వేడి తగ్గకముందే నోట్లో పెట్టుకోవడం ఇదే మొదటిసారేమో. పిల్లల్లో ఒకడు ఏదో జోకు వేస్తే అందరితో పాటు నవ్వింది. అందరూ నవ్వుతున్నప్పుడే నవ్వింది, ఎప్పటిలా వంటింట్లోంచి విని కాదు. తోడికోడలు గులాబీరంగు వేళ్లతో అన్నం కలుపుకుంటోంది. మజ్జిగ దాకా వచ్చినా ఎవరూ లేవలేదు. కాళ్లు చాపుకుని, వేళ్లు నాక్కుంటూ, కబుర్లు చెప్పుకుంటూ అలాగే కూర్చున్నారు. ఆమెకీ లేవాలనిపించలేదు.

ఇంత బాగుంటుందని ఆమెకి తెలీదు. కిటికీ ముందు ప్లేటు చెయ్యి మార్చుకుని పోయినవాళ్లు ఒక్కొక్కళ్లూ గుర్తొచ్చారు. వాళ్లలో ఒక్కళ్లని కూడా ఏమీ అనలేకపోయింది. తనకి ఆ రోజు చీటీ ఇచ్చి ఉంటే స్టీలు పక్కనే టిక్కు పెట్టేది. ఇప్పుడు ఇచ్చినా అక్కడే పెడుతుంది. పెట్టి, వచ్చి, ఇలాగే కూర్చుంటుంది.

తిన్నాక పిల్లలు పోటీపడి ప్లేట్లు ఏరబోతే ఆమె వద్దంది. తనే పదిహేనూ ఒకదానిలో ఒకటి పేర్చింది. దొంతర మొత్తం కలిపి ఒక్క స్టీలు గ్లాసంత బరువు లేదు. అలవాటుకొద్దీ తొట్టి వైపు నాలుగడుగులు వేసి, ఆగి, పెరటి గోడ దగ్గరికి నడిచింది. గోడకి అవతల పల్లపు నేల. వీధి వీధంతా అటే పారేస్తుంది. ఇవతల నుంచి చూస్తే అంతా తెల్లగా ఉంది.

ఆమె చెయ్యెత్తి దొంతరని గోడ మీంచి విసిరేసింది. కాసేపు చెవి ఒగ్గి నిలబడింది. పడిన చప్పుడు వినిపించలేదు.